ఎర్ర అంగీకి పసుపు చెయ్యి

"కత్తి ఏ పక్కన వేలాడుతోందమ్మా?"

"కుడి పక్కనండి."

"కాస్త ఆలోచించుకుని చెప్పు."

"ఇందులో ఆలోచించేదేముందండీ! నాకేం కళ్ళు పోయాయా? కుడి తుంటి మీద ఇంత పొడుగు వంకర కత్తి. ఎడం చేత్తో దాని పిడి పట్టుకుని గబగబా పోయాడు."

గురువారం ఉదయం తొమ్మిది గంటల అయిదు నిమిషాలు. కునిగుండ పిండి చేతులు దులుపుకుంటూ నా ఎదుట నిలబడి ఉంది. మొగుడు పోయాక ఒంటరిగా రొట్టెల దుకాణం నడుపుకుంటున్న మనిషి. ఆమె పొయ్యి దగ్గర నుంచి చూస్తే సందుకి అవతల, పేకముక్కలు అచ్చువేసే రీగెల్ గారి కార్ఖానా వెనక తలుపు కనిపిస్తుంది. మంగళవారం సాయంత్రం అయిదుకీ ఆరుకీ మధ్య ఆ కార్ఖానాలో ముసలి హీరోనిమస్ రీగెల్ మెడలో ఎవరో చెక్కుడు ఉలి దింపి చంపారు. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి కునిగుండ సాక్ష్యం ఇచ్చింది. ఆ కాగితం ఇప్పుడు నా సంతకం కోసం నా చేతిలో ఉంది.

నా పేరు ఉల్రిక్ జాండ్నర్. మా నగరంలో హత్య జరిగితే ఇద్దరు విచారణాధికారులు చూడాలని నియమం. ఒకణ్ణి నేను, రెండోవాడు కాస్పర్ ట్రౌట్‌వైన్. ఏ సాక్ష్యమైనా ఇద్దరి సంతకాలతోనే పరిషత్తు ముందుకు వెళ్ళాలి. ముద్దాయి తనంతట తాను ఒప్పుకుంటే మాత్రం ఒక్క సంతకం చాలు. ఈ కేసులో ముద్దాయి అప్పుడే ఒప్పేసుకున్నాడు. అతని పేరు హొవ్‌సెప్, అర్మేనియా వాడు, చర్చి మెట్ల దగ్గర బండి మీద కాఫీ అమ్ముకుంటాడు. రేపు పది గంటలకు ఉరి. నాకు మిగిలింది ఇరవై అయిదు గంటలు, చేతిలో ఒక్క ఆధారం లేదు.

"మళ్ళీ మొదట్నుంచి చెప్పు. ఏం వేసుకున్నాడు?"

కునిగుండ పాఠం అప్పజెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "ఎత్తు టోపీ, చుట్టూ బొచ్చు. ఎర్ర అంగీ, దాని నిండా నెలవంకలు. ఒక చెయ్యి ఎరుపు, ఇంకో చెయ్యి పసుపు. పచ్చ నడికట్టు. ముక్కు పైకి తిరిగిన జోళ్ళు."

"ఒక చెయ్యి పసుపా?"

"అవునండి. వాళ్ళ దేశంలో అలాగే కుట్టించుకుంటారట."

"అట అంటున్నావు. ఎవరు చెప్పారు?"

ఆమె పిండి చేతులు మళ్ళీ దులుపుకుంది.

"సరే, అది వదిలెయ్. హొవ్‌సెప్ దగ్గర నువ్వు కాఫీ తాగవా?"

"అయ్యో, రోజూ తాగుతానండి! ఆరేళ్ళ నుంచీ. తెల్లారి రెండు తట్టల రొట్టెలు దించాక ఆ గిన్నెడు కాఫీ పడితేనే నాకు నడుం నిలబడేది."

"కాఫీ పోసేటప్పుడు అంత పొడుగు కత్తి బండికి తగలదూ?"

"కత్తి... అప్పుడు ఉండదండి."

"ఎప్పుడుంటుంది? పరదేశి ఊళ్ళో కత్తి కడితే కోట వాకిట్లోనే పట్టుకుంటారు. ఆరేళ్ళలో ఎప్పుడైనా చూశావా?"

"మంగళవారం చూశానండి."

"సోమవారం ఏ అంగీ వేసుకున్నాడు?"

"అదే... టర్కీ అంగీ."

"రంగు?"

కునిగుండ మొహం ఎర్రబడింది. నిజం చెప్పాలంటే నా దగ్గరా ఆ జవాబు ఉండేది కాదు. ఆరేళ్ళుగా నేనూ అతని దగ్గరే తాగుతున్నాను, అతనితో వాన గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుతున్నాను. అతని అంగీ గోధుమరంగుదని నిన్న అతని గది సోదా చేస్తేనే తెలిసింది నాకు. అప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది.

"మంగళవారం రాత్రి కాపలావాడితో ఏమన్నావ్? ఎవరో పోయారు, మసకచీకట్లో పోల్చుకోలేదు అన్నావ్. అది వాడు రాసుకున్నాడు. మర్నాటికి నెలవంకలతో సహా ఎలా కనబడ్డాడమ్మా?"

"ట్రౌట్‌వైన్ గారు కూర్చోబెట్టి అడుగుతుంటే ఒక్కోటీ జ్ఞాపకం వచ్చిందండి. దేవుడి లాంటాయన. టోపీ ఇలా ఉందా, జోడు ఇలా ఉందా అని ఎంత ఓపికో! ఇప్పుడు కళ్ళు మూసుకుంటే చాలు, వాడే కనబడుతున్నాడు. నా బిడ్డల మీద ఒట్టండి."

ఆమె అబద్ధం ఆడటం లేదు. నాకు భయం పుట్టించింది అదే. అబద్ధం ఆడేవాణ్ణి నిలదీయొచ్చు, నమ్మినవాళ్ళని ఏం చేస్తాం? సంతకం పెట్టకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

కార్ఖానా ముందు తలుపు అపొలోనియా తీసింది. అప్పటికి తొమ్మిదీ నలభై. ఆమె అక్కడ రంగులద్దే పిల్ల, ఇరవై రెండేళ్ళుంటాయి. మంచం పట్టిన తల్లిని ఒక్కతే సాకుతోంది. గోళ్ళ సందుల్లో ఎరుపూ పసుపూ ఇంకిపోయి ఎంత తోమినా పోని చేతులు. మంగళవారం ఆరు గంటలకు శవాన్ని మొదట చూసింది ఆమే.

"నువ్వు వచ్చేసరికి తలుపులు ఎలా ఉన్నాయి?"

"ముందు తలుపు లోపల గడియ వేసుందండి. వెనక తలుపు తాళం వేసుంది. నా తాళంచెవితో తీసుకుని వచ్చాను."

"ఎన్ని తాళంచెవులు?"

"మూడండి. అయ్యగారిది, నాది, లోరెంజ్ గారిది."

లోరెంజ్ ఈ కార్ఖానాకి రాగి రేకులు చెక్కే పనివాడు. ట్రౌట్‌వైన్‌కి అల్లుడు కూడా. విచారణ కాగితాల్లో అతని పేరు ఒక్కచోటా లేదు. తాళంచెవుల మాట అసలే లేదు.

"మరి హొవ్‌సెప్ లోపలికి ఎలా వచ్చాడంటావు?"

"నాలుగింటికి ముందు తలుపునే వచ్చాడండి, అయ్యగారికి కాఫీ తెచ్చి. నాలుగున్నరకి వెళ్ళిపోయాడు. నేనే తలుపు వేశాను."

"ఇది ట్రౌట్‌వైన్ గారికి చెప్పావా?"

"నన్నెవరూ అడగలేదండి."

నేను బల్ల చుట్టూ తిరిగాను. నెత్తురు కడిగేశారు, చెక్కలో మరక మాత్రం ఉండిపోయింది. పైన తాళ్ళకి అచ్చువేసిన కాగితపు తావులు ఆరేసి ఉన్నాయి. ఒక్కో తావులో పన్నెండు బొమ్మల ముక్కలు, నలుగురు రాజులు, నలుగురు పెద్ద జాకీలు, నలుగురు చిన్న జాకీలు. ఒక్కొక్కరిదీ ఒక్కో దేశపు వేషం. అడుగున గొప్పగా రాసి ఉంది: 'ప్రపంచ జాతుల వేషాలు, ప్రత్యక్షంగా చూసి గీసినవి.' వచ్చే వారం పరిషత్తు పెద్దలకు కానుకగా ఇవ్వాల్సిన పేక ఇది. ఆ కానుక ఏర్పాటు చేసిందీ ట్రౌట్‌వైనే.

తాళ్ళ మీద తావుల్లో ఒక్కదానికే రంగులు వేసి ఉన్నాయి. దాని మధ్యలో పేకముక్కంత కంత ఉంది.

"ఇదేమిటి, ఒక ముక్క లేదు?"

అపొలోనియా తలెత్తి చూసి ఉలిక్కిపడింది. "అమ్మో, ఎవరు కోశారండీ! అర్మేనియా వాడి ముక్క, ఆకు గుర్తు పెద్ద జాకీ. అయిదింటికి నేను ప్రార్థనకి వెళ్ళేటప్పుడు ఉందండి. వచ్చాక అయ్యగారిని చూసి ఇంకేం చూడలేదు."

"రంగులు ఎన్నింటికి వేశావు?"

"నాలుగయ్యేసరికి అయిపోయిందండి."

"ఆరడానికి?"

"గంట పడుతుంది."

కంత అంచులు దగ్గరగా చూశాను. కోత శుభ్రంగా ఉంది, రంగు ఎక్కడా చెదరలేదు. అంటే రంగు ఆరాకే, అయిదు దాటాకే కోశారు. చంపినవాడు చంపాక కూడా ఆగి, తాళ్ళ మీద నుంచి ఒక్క పేకముక్కని కొలిచినట్టు కోసుకుని వెళ్ళాడు.

"అదే ముక్క రంగు వేయనిది ఉందా?"

ఇంకో తావు తెచ్చి వెలుగులో పట్టుకుంది. ఎత్తు టోపీ, చుట్టూ బొచ్చు. అంగీ నిండా నెలవంకలు. ముక్కు పైకి తిరిగిన జోళ్ళు. కుడి తుంటి మీద వంకర కత్తి, దాని పిడి మీద ఎడమ చెయ్యి.

కునిగుండ సందులో చూసింది మనిషిని కాదు, ఈ బొమ్మని.

"ఈ కత్తి కుడి పక్కన ఎందుకుంది?"

అపొలోనియా నావైపు జాలిగా చూసింది. పనివాళ్ళు మాబోటివాళ్ళని చూసే చూపే అది. బల్ల మీద పాత వేషాల పుస్తకం తెరిచే ఉంది. అందులో అదే అర్మేనియా వాడు, కత్తి ఎడమ పక్కన. ఆ పక్కనే రాగి రేకు. దాని మీదా కత్తి ఎడమ పక్కనే.

"అచ్చు తిరగబడుతుంది కదండీ. రేకు మీద ఎడమ ఉన్నది కాగితం మీద కుడికి వస్తుంది. అందుకని నూనె కాగితం మీద బొమ్మ దించుకుని, ఆ కాగితం బోర్లించి చెక్కాలి. లోరెంజ్ గారికి తొందరెక్కువ. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే దించేశారు."

"ప్రత్యక్షంగా చూసి గీసినవి అని రాశారే?"

"అదేనండీ గొడవ!" ఆమె గొంతు తగ్గించింది. "హొవ్‌సెప్ కాఫీ పెట్టి ఈ తావు చూశాడు. చూసి నవ్వాడు. తప్పుగా కాదండి, మంచిగానే. 'అయ్యగారూ, నేను క్రైస్తవుణ్ణి, నా ఒంటినిండా నెలవంకలు ఎందుకు పెట్టారు? ఇక్కడ ఊరి నడుమ తిరుగుతూనే ఉన్నాను, ఒక్కసారి పిలిస్తే వచ్చి నిలబడేవాణ్ణి కదా' అన్నాడు. హిందూదేశపు రాజుని చూసి మరీ నవ్వాడు. తలకీ నడుముకీ ఈకలు పెట్టారు కదా. 'మచిలీపట్నంలో మూడేళ్ళు బట్టల వ్యాపారం చేశాను, అక్కడ ఈకలు కోళ్ళకే చూశాను' అన్నాడు. అయ్యగారు నవ్వలేదు. మొహం పాలిపోయింది."

"ఆ తర్వాత?"

"లోరెంజ్ గారిని పిలిచారు. ఈ ముక్క మీదే వేలు పెట్టి, 'పరిషత్తు పెద్దలందరి ముందూ నన్ను నవ్వులపాలు చేద్దామనుకున్నావా? రేపు పన్నెండు రేకులూ సుత్తితో కొట్టిస్తాను, నీ పేరు కింద ఈ ఊళ్ళో ఇంక అచ్చు పడదు' అన్నారు. అయిదింటికి లోరెంజ్ గారు ముందు తలుపున వెళ్ళిపోయారు. ఆ వెనకే నేనూ వెళ్ళాను. అయ్యగారు లోపల గడియ వేసుకున్నారు."

వెళ్ళినవాడు వెనక తలుపు తాళం తీసుకుని వచ్చాడు. ఉలి తనదే. గొడవకు కారణమైన ముక్క కనబడకూడదని కోసుకున్నాడు. ఇంతవరకూ నాకు బాగానే కనిపించింది. కానీ కుడి కత్తి ఈ రేకు మీద నుంచి దిగిన ప్రతి ముక్కలోనూ ఉంటుంది. ఎవరైనా ఎక్కడైనా చూసి ఉండొచ్చని ట్రౌట్‌వైన్ అంటాడు.

"అపొలోనియా, కోసేసిన ముక్కలో అంగీ చేతులు ఏ రంగు?"

ఆమె తల దించుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"తప్పు నాదేనండి. ఒక్కో రంగుకి ఒక్కో చిల్లుల అచ్చు కత్తిరిస్తాం. ఎరుపు పడాల్సిన చోట్లన్నీ ఒక కాగితానికి చిల్లులు పెట్టి, దాని మీద కుంచెతో రుద్దుతాం. పసుపుకి ఇంకో కాగితం. రాత్రి అమ్మకి ఆయాసం వచ్చి నిద్ర లేదండి. అంగీ ఎడమ చెయ్యి చిల్లు ఎరుపు అచ్చులో పెట్టబోయి పసుపు అచ్చులో పెట్టాను. ఒక చెయ్యి ఎరుపు, ఒక చెయ్యి పసుపు పడింది. అయ్యగారు చూసి తిట్టారు. అప్పటికప్పుడే కొత్తది కత్తిరించాను."

"తప్పు రంగు ఎన్ని ముక్కలకి పడింది?"

"ఈ ఒక్క తావుకేనండి."

"అంటే ప్రపంచం మొత్తం మీద పసుపు చెయ్యి ఉన్న అర్మేనియా వాడు ఒక్కడే?"

"అవునండి. ఆ పాత అచ్చు కూడా ఉంది. పారేస్తే అయ్యగారు కాగితం దండగ అంటారని దాచాను."

పెట్టె అడుగు నుంచి నూనె పట్టిన కాగితం తీసి ఇచ్చింది. ఎడమ చేతి ఆకారంలో చిల్లు, చిల్లు చుట్టూ ఎండిన పసుపు. దాన్ని లక్కపెట్టెలో నగలా జేబులో పెట్టుకుని బయటపడ్డాను. మూడు రోజుల్లో మొదటిసారి ఊపిరి ఆడింది నాకు. ఆ ఊపిరే కొంప ముంచిందని అప్పుడు తెలియదు.

నేరుగా పరిషత్తు భవనానికి వెళ్ళి గుమాస్తా దగ్గర ఒప్పుకోలు కాగితం తీయించి చదివాను. రెండుసార్లు చదివాను. పన్నెండు గంటల అయిదు నిమిషాలకు ట్రౌట్‌వైన్ గది తలుపు తోశాను.

అతను భోజనం చేస్తున్నాడు. పళ్ళెంలో సాసేజీలు, పుల్ల క్యాబేజీ, పక్కన బీరు.

"రండి జాండ్నర్ గారూ! వాసన పట్టి వచ్చారా? కూర్చోండి, మీ వాటా మీకుంది. సంతకం పెట్టారా?"

"ఒక్క సందేహం తీర్చండి, పెడతాను. హొవ్‌సెప్ ఒప్పుకోలు ఎన్నింటికి రాసుకున్నారు?"

"బుధవారం పదకొండింటికి. కాగితం మీద ఉందిగా. ముసలివారైపోతున్నారు, చత్వారం వచ్చిందా?"

"కునిగుండ సాక్ష్యం?"

"మూడింటికి."

"ఒప్పుకోలులో ఎర్ర అంగీ, ఒక చెయ్యి పసుపు అని ఉంది. కునిగుండ మూడింటికి చెప్పబోయే మాట పదకొండింటికే మీ ప్రశ్నలోకి ఎలా వచ్చింది?"

"ప్రశ్న నాది, జవాబు వాడిది. ముద్దాయి చెప్పాడు, సాక్షి బలపరిచింది. ఇంతకంటే మంచి కేసు మీ ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో చూశారా?"

"ఆ అంగీ ఏది? గది అంతా నేనే వెతికాను. ఉన్నదొక్కటే గోధుమరంగు అంగీ, లోపల మచిలీపట్నం అద్దకం బట్ట. ఎర్రది లేదు."

"ఏట్లో పారేశాడు. మూడో పేజీ చదవలేదా?"

"కత్తి?"

"ఏట్లోనే. నాలుగో పేజీ." సాసేజీ ముక్క నోట్లో పెట్టుకున్నాడు. "జోళ్ళు కూడా ఏట్లోనే. మీరడగబోతున్నారని ముందే చెబుతున్నా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "చతుర్లు తర్వాత. మీరు రోజూ ఆ చర్చి మెట్లు దిగుతూ హొవ్‌సెప్ పక్క నుంచే పోతారు. ఒక్క రోజైనా అతని మొహం వైపు చూశారా? అతనేం వేసుకుంటాడో రాయాల్సి వచ్చేసరికి మీకు బొమ్మ కావలసి వచ్చింది. మీ అల్లుడు చెక్కిన బొమ్మ. కుడి పక్కకి తిరగబడిన కత్తి, క్రైస్తవుడి ఒంటి మీద నెలవంకలు. అర్మేనియా వాడంటే అలాగే ఉంటాడని మీరు నిజంగానే నమ్మారు. అదే మీ కొంప ముంచింది."

"పేకముక్కలు ఊరంతా ఉంటాయి."

"పసుపు చెయ్యిది ఒక్కటే ఉంది. అది మంగళవారం అయిదు దాటాక, శవం పక్క నుంచి ఎవరో కోసుకుపోయారు. ఇప్పుడు అది మీ దగ్గరుంది."

అతని చేతిలో ఫోర్కు ఆగింది. మొదటిసారి నావైపు సూటిగా చూశాడు. "ఒక్కటే ఉందని మీకెలా తెలుసు?"

నేను జేబులోంచి చిల్లుల అచ్చు తీసి బల్ల మీద పరిచాను. "ఇదిగో, ఇది తప్పు కత్తిరించినందువల్ల. ఒక్క తావుకే పడింది. కత్తిరించిన మనిషి ప్రమాణం చేసి చెబుతుంది."

"చెబుతుందా!" అన్నాడు. ఆ మాట చాలా మెల్లిగా అన్నాడు. నోరు తుడుచుకున్నాడు. గోడ గడియారం వైపు చూశాడు. పన్నెండూ ఇరవై. "మంచి పని చేశారు జాండ్నర్ గారూ. ఆ కాగితం మీద మాత్రం నేను సంతకం పెట్టను. చిరిగిన కాగితాన్ని సాక్ష్యం అంటే పరిషత్తులో నవ్వుతారు. ఇక మీరు కానివ్వండి, నాకు పనుంది."

సగం తిన్న పళ్ళెం అలాగే వదిలేసి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అతను భయపడి పారిపోయాడనే అనుకున్నాను. ఇన్నేళ్ళుగా అతని ఎగతాళి పడ్డ పగ తీరినట్టు సంబరపడ్డాను కూడా.

పరిషత్తు పెద్దాయన దర్శనానికి రెండు గంటలు బయట కూర్చోబెట్టారు. ఆయన అంతా విన్నాడు. అచ్చుని వెలుతురుకి ఎత్తి చూశాడు కూడా. చివరికి ఒకే మాట అన్నాడు. "ముద్దాయి ఒప్పుకున్నాడయ్యా. ఒప్పుకోలు ఉండగా రెండో సంతకం లేని కాగితం నేను ముట్టుకోను. వాడు నీ ఎదుట ఒప్పుకోలు వెనక్కి తీసుకుంటే కేసు మళ్ళీ తెరుస్తాను. వెళ్ళి అడుగు."

మూడున్నరకి చెరసాల మెట్లు దిగాను. పగలే అయినా కింద దీపం కావాలి. హొవ్‌సెప్ గడ్డి మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు, తనవి కానట్టు. వేళ్ళు నల్లగా ఉబ్బి ఉన్నాయి. జైలువాడిచ్చిన పప్పు గిన్నె ముట్టకుండానే పక్కన ఉంది. పట్టుకోవడానికి వేళ్ళు రావు కదా.

నేను గిన్నె ఎత్తి నోటికి అందించాను. రెండు గుక్కలు తాగి చాలన్నాడు.

"హొవ్‌సెప్, విను. చంపిందెవరో తెలిసింది. లోరెంజ్. ఆధారం కూడా దొరికింది. నువ్వొక్క మాట అంటే చాలు. 'నేను ఒప్పుకున్నది నిజం కాదు, కొట్టి చెప్పించారు' అను. నా ఎదుట అను, నేను రాసుకుంటాను."

"అంటే ఏమవుతుంది అయ్యగారూ?"

"రేపటి ఉరి ఆగిపోతుంది."

"ఆ తర్వాత?"

ఆ తర్వాత ఏమిటో మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. ఒప్పుకోలు వెనక్కి తీసుకున్నవాణ్ణి మళ్ళీ మొదట్నుంచి విచారించాలి. మళ్ళీ ఆ గదికే, వేళ్ళు బిగించి నొక్కే ఆ మర ముందుకే తీసుకెళతారు. చట్టం అలా ఉంది.

"ఈసారి నేను దగ్గరుంటాను" అన్నాను. చెబుతుంటే నాకే చేతకాని మాటలా వినిపించింది.

అతను నవ్వాడు. "మీరు మంచివారు. రోజూ కాఫీలో పంచదార తక్కువైందని పోట్లాడేవారు. కానీ నాకు ఇంక ఓపిక లేదు అయ్యగారూ. రేపు పదింటికి అయిపోతుంది. దానికోసమే చూస్తున్నాను."

"నువ్వు చేయని పనికి చస్తావా?"

"బుధవారం నేనూ అలాగే అడిగాను. 'ఎర్ర అంగీ నాకు లేదయ్యా' అన్నాను. ఉందన్నదాకా బిగించారు. పసుపు చెయ్యి అన్నారు, సరే పసుపే అన్నాను. జేబులోంచి ఏదో చిన్న ముక్క తీసి చూసుకుంటూ అడిగేవాడాయన. నేను ఎదురుగానే ఉన్నాను కదా, నావైపు చూసి అడగొచ్చు కదా అనిపించింది."

నేను తల గోడకి ఆనించి కూర్చుండిపోయాను. పై నుంచి ఎవరో దిగుతున్న చప్పుడు వినిపిస్తోంది. హొవ్‌సెప్ ఆ చప్పుడు విని ముడుచుకున్నాడు.

"అయ్యగారూ, మీకో సంగతి చెప్పాలి. మీరు తిట్టినా సరే." కళ్ళు మెట్ల వైపే ఉన్నాయి. "మధ్యాహ్నం ఆయన మళ్ళీ వచ్చాడు. ఒంటిగంట కూడా కాలేదు. రేపు పోయేవాణ్ణి, ఇంకేం కావాలయ్యా అన్నాను. ఇంకొక్క పేరు కావాలన్నాడు. వెనక తలుపు తాళంచెవి నాకెవరిచ్చారో చెప్పాలట. ఎవరూ ఇవ్వలేదన్నాను. నా అంతట నేను ఏ పేరూ చెప్పలేదు, ఆ తల్లి కన్యమరియ మీద ఒట్టు. అరగంట పైన ఓర్చుకున్నాను. ఆఖరికి పేరు ఆయనే చెప్పాడు. నేను అవునన్నాను. అవునంటే చెయ్యి వదులుతారు."

"ఏ పేరు?"

అతను చెప్పనక్కర్లేకపోయింది. మెట్ల మలుపులో దీపం కనిపించింది. ఇద్దరు భటుల మధ్య అపొలోనియా దిగుతోంది. నెత్తిన ముసుగు లేదు, పని గుడ్డ విప్పనైనా విప్పనివ్వలేదు. చేతులు ముందుకి కట్టేశారు. వెనక గుమాస్తా కాగితాలు పట్టుకుని వస్తున్నాడు. పై కాగితం మీద తడి ఆరని ట్రౌట్‌వైన్ సంతకం ఒక్కటే ఉంది. ఒప్పుకోలుకి ఒక్కటే చాలు.

"ఆగండి!" అని అరిచాను. "ఈమె నా సాక్షి!"

"ముద్దాయి సాక్ష్యం చెల్లదు కదండీ" అన్నాడు గుమాస్తా, మర్యాదగానే. "మీకు తెలియనిదేముంది."

భటులు ఆమెను చివరి గది వైపు నడిపించారు. మర ఉన్న గది అది. నా పక్క నుంచి పోతూ ఆమె నన్ను చూసింది. ఆ మొహంలో కోపం లేదు. తానేదో తప్పు చేశానని నేను అనుకుంటానేమో అన్న భయం ఉంది.

"అయ్యా, నేనెవరితోనూ అనలేదండి" అంది. "మా అమ్మతో కూడా అనలేదు. ఆయనకి ఎలా తెలిసిందో నాకు తెలీదండి."

ఆయనకి చెప్పింది నేనేనని ఆమెతో అనడానికి నాకు నోరు రాలేదు. వాళ్ళు తలుపు వేసేశారు.